పన్నెండు గళ్ళ ఇంగ్లీషు

ఇంగ్లీషులో కాలాలు పన్నెండు. అవునా కాదా అని అడిగే సాహసం తెలుగునాట ఎవరూ చెయ్యరు. రాశులు పన్నెండు, నెలలు పన్నెండు, పుష్కరం వచ్చేది పన్నెండేళ్ళకోసారి. అలాంటప్పుడు టెన్సులు మాత్రం పదకొండెలా అవుతాయి? ప్రెజెంటు, పాస్టు, ఫ్యూచరు అని అడ్డంగా మూడు. సింపులు, కంటిన్యువసు, పర్‌ఫెక్టు, పర్‌ఫెక్టు కంటిన్యువసు అని నిలువుగా నాలుగు. స్కేలు పెట్టి గీతలు కొడితే బోర్డు మీద పన్నెండు గళ్ళు తయారు. ఒక్కో గడిలో 'గో' అనే క్రియని తీసుకొచ్చి కూర్చోబెడితే ఇంగ్లీషు భాష మొత్తం పట్టుబడినట్టే. అమీర్‌పేటలో కరెంటు స్తంభానికి అంటించిన కాగితం దగ్గర్నుంచి ఆర్టీసీ బస్టాండు పుస్తకాల కొట్లో క్లిప్పుకి వేలాడే గైడు దాకా అందరి హామీ ఒకటే: ఈ గళ్ళు నింపడం వచ్చిందా, 30 రోజుల్లో నువ్వు అనర్గళం. సరిగ్గా 30 రోజులే ఎందుకన్నది భాషాశాస్త్రం చెప్పలేకపోయింది గానీ హాస్టలు అద్దె రసీదు చెబుతుంది.

గళ్ళలో ఉన్న ఇంగ్లీషు సంగతి తర్వాత. ముందు వాటిలో ఉన్న తెలుగు చూడండి. 'ఐ గో' అంటే 'నేను వెళ్ళుదును'. 'ఐ యామ్ గోయింగ్' అంటే 'నేను వెళ్ళుచున్నాను'. 'ఐ హావ్ గాన్' అంటే 'నేను వెళ్ళియున్నాను'. ఇలా మెట్లు దిగుతూ దిగుతూ అడుగున పన్నెండో గడికి చేరతాం. అక్కడ 'ఐ షల్ హావ్ బీన్ గోయింగ్' ఉంటుంది. దాని పక్కన 'నేను వెళ్ళుచూ ఉండియుందును' అని ఉంటుంది. ఈ మాట అన్న తెలుగువాడు ఇంతవరకు పుట్టలేదు. పుట్టి, బస్టాపులో పక్కవాడితో 'రేపీపాటికి నేను వెళ్ళుచూ ఉండియుందును' అంటే, పక్కవాడు ముందు చెయ్యి పట్టుకుని నాడి చూస్తాడు, తర్వాత 108కి ఫోన్ కొడతాడు. ఆ ఇంగ్లీషు వాక్యమైనా ఎవరో అనేదా అంటే అదీ లేదు. ఎక్కడికి, ఎప్పటిదాకా, ఎందుకు అన్న ఊసు లేకుండా ఊరికే 'నేను వెళ్ళుచూ ఉండియుందును' అని చెప్పుకోవలసిన అగత్యం లండన్‌లో ఎవరికీ రాదు. ఏ తెలుగువాడూ మాట్లాడని తెలుగుతో ఏ ఇంగ్లీషువాడూ మాట్లాడని ఇంగ్లీషుని వివరించి, దానికి జీఎస్‌టీతో కలిపి ఫీజు పుచ్చుకోవడం మనవాళ్ళకే చేతనైన విద్య.

అన్నట్టు, ఐ, వి పక్కన 'షల్', మిగిలినవాళ్ళ పక్కన 'విల్' అనే మడి కట్టించినదెవరో తెలుసా? జాన్ వాలిస్ అనే గణితవేత్త, 1653లో, లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో. రెండేళ్ళ తర్వాత ఆయనే లెక్కల్లో అనంతానికి గుర్తుగా పడుకున్న ఎనిమిదిని ప్రవేశపెట్టారు. ఆ గుర్తుకెంత ఆయుష్షో ఈ సూత్రానికీ అంతే. ఇంగ్లండులో 'షల్' ఎప్పుడో మూలపడింది; ఖమ్మంలో దాని పేరిట దిద్దే ఎర్రసిరా మాత్రం ఇంకా ఆరలేదు.

ఇంతకీ పన్నెండు నిజమా? 1985లో రాండాల్ఫ్ క్వర్క్, ఆయన ముగ్గురు సహచరులు కలిసి పదిహేడు వందల పేజీలు దాటిన ఇంగ్లీషు వ్యాకరణం వేశారు. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ ఆధ్వర్యంలో కేంబ్రిడ్జి వాళ్ళు అంతకన్నా లావైనది ఇంకొకటి వేశారు. ఈ రెండు బండలకీ మధ్య చాలా చోట్ల పేచీ ఉంది గానీ ఒక్క విషయంలో లేదు: ఇంగ్లీషులో ఫ్యూచర్ టెన్సు అనేది లేదు. క్రియ తన రూపం మార్చుకునేది ప్రెజెంటుకీ పాస్టుకీ మాత్రమే. 'విల్' అన్నది కెన్, మే, మస్ట్‌ల తోబుట్టువు. పొద్దున్నే కాలింగ్ బెల్ మోగితే 'దట్ విల్ బి ద మిల్క్‌మన్' అంటారు. ఆ పాలవాడు రేపటివాడు కాడు, ఇప్పుడే గుమ్మంలో నిలబడ్డవాడు. అదే రేపు ఆరింటికి బయలుదేరే రైలు గురించైతే శుభ్రంగా ప్రెజెంటులో 'లీవ్స్' అంటారు. కాబట్టి పట్టికలో మూడో వంతు, అంటే నాలుగు గళ్ళు, రిజిస్ట్రేషన్ లేని స్థలంలో కట్టిన అక్రమ కట్టడం. కూల్చమని నేననడం లేదు. మన దగ్గర అలాంటివి ఎలాగూ క్రమబద్ధీకరిస్తారు.

నాకు బాధ కలిగేది పాస్టు గడి చూసినప్పుడు. అందులో 'నిన్న, మొన్న, కిందటేడు' అని రాసి తాళం వేసేస్తారు. అసలు రహస్యం దాని బయట ఉంది. ఇంగ్లీషులో పాస్టు రూపం చెప్పేది తేదీ ఒక్కటే కాదు, దూరం. కాలంలో దూరమైతే 'నిన్న వెళ్ళాను'. నిజానికి దూరమైతే 'ఇఫ్ ఐ హాడ్ మనీ'. డబ్బు లేనిది ఇప్పుడే, క్రియ మాత్రం పాస్టు. మనిషికి మనిషి మర్యాదగా జరిగి నిలబడాలంటే 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ హెల్ప్ మి'. అడుగుతున్నది ఈ నిమిషంలోనే. ఇది అంతుపట్టని బ్రహ్మవిద్యేమీ కాదు. పక్కింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడి 'వదినగారూ, కాస్త పంచదార అడుగుదామని వచ్చానండీ' అనే తెలుగు ఇల్లాలు చేస్తున్నదీ అదే పని. 'అడుగుతున్నాను' అంటే అప్పులవాడి గొంతులా ఉంటుందని ఆవిడకి ఏ మాస్టారూ చెప్పలేదు. ఈ ఒక్క పోలిక చెబితే ఏడో తరగతి పిల్లకి ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది, జన్మలో మరిచిపోదు. కానీ చెప్పరు. ఎందుకంటే అది గడిలో పట్టదు, బిట్టుగా ఇవ్వడానికి కుదరదు.

1999లో డగ్లస్ బైబర్ బృందం నాలుగు కోట్ల పైచిలుకు మాటల అసలు ఇంగ్లీషుని, అంటే కబుర్లు, నవలలు, వార్తలు, శాస్త్ర రచనలు, పోగుచేసి లెక్క తీసింది. క్రియల్లో అత్యధిక భాగం సింపుల్ రూపాలే. పర్‌ఫెక్టు కంటిన్యువసు నూటికి ఒక్కసారి కూడా తగల్లేదు. మన పట్టికలో దాని వాటా మూడు గళ్ళు, పన్నెండింట్లో పావు. ఏడాదికోసారి కూడా గడప తొక్కని చుట్టానికి ఇంట్లో పావు వంతు గదులు ఖాళీ చేయించి, రోజూ ఉండే మనిషిని వరండాలో పడుకోబెట్టినట్టుంది ఈ ఏర్పాటు. పైగా ఆ చుట్టం మీదే పరీక్షలో ప్రశ్న.

ఇక ఆ గళ్ళను బతికించడానికి ప్రాణాలర్పించిన త్యాగధనులను తలుచుకోకపోతే పాపం. పాస్ట్ పర్‌ఫెక్టు అర్థం కావాలంటే డాక్టరు వచ్చేలోపే రోగి చనిపోవాలి. కొన్ని తరాలుగా, ప్రతి బడిలోనూ, ప్రతి జూన్, జులైలలోనూ చనిపోతూనే ఉన్నాడు. ఏం జబ్బని అడిగిన విద్యార్థి లేడు, అంబులెన్సు ఎక్కడ ఆగిందని అడిగిన మాస్టారు లేడు. ఒక్క వాక్యం అటూ ఇటూ చేసి రోగిని లేపి కూర్చోబెట్టొచ్చని ఎవరికీ తోచలేదు. అదే గడిలో ఇంకో వాక్యంలో మనం స్టేషనుకి చేరేలోపు రైలు వెళ్ళిపోయి ఉంటుంది. పాస్ట్ పర్‌ఫెక్టు లోకంలో ఎవరూ ఏ పనికీ సమయానికి చేరరు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఈ పాఠానికి స్థానిక వాసన బాగానే ఉంది.

వాయిస్ సంగతి మరీ ఘోరం. 'ఐ డ్రింక్ టీ'ని తిరగేస్తే 'టీ ఈజ్ డ్రంక్ బై మి' వస్తుంది. సరిగ్గా తిరగేశావు, ఒక మార్కు. ఈ టీని ఇలా తాగిన మనిషి భూమ్మీద లేడని మార్కు వేసేవారికీ తెలుసు. రాముడు రావణుణ్ణి చంపడం, రావణుడు రాముడి చేత చంపబడడం అయ్యాక, పాము వంతు, ఉత్తరం వంతు, మామిడిపండు వంతు. ప్రతిదీ పల్టీ కొడుతుంది, చివర 'బై హిమ్' తోక మాత్రం ఊడకూడదు. నిజానికి ఆ ప్రయోగం పుట్టిందే తోక దాచడానికి. చేసినవాడెవరో తెలియనప్పుడు, చెప్పక్కర్లేనప్పుడు, ముఖ్యంగా చెప్పదలుచుకోనప్పుడు వాడతారు. ఇందులో ప్రపంచస్థాయి నిపుణులు మన ఆఫీసుల్లోనే ఉన్నారు. 'రోడ్డు వేయబడినది, బిల్లు చెల్లించబడినది, ఫైలు కనబడుటలేదు.' ఎవరి చేత? చూశారా, మీరు కూడా అడిగేశారు. ఒక పంచాయతీ నోటీసు తెచ్చి క్లాసులో చదివిస్తే ప్యాసివ్ వాయిస్‌తో పాటు పౌరశాస్త్రం కూడా అయిపోయేది.

ఈ పాఠాలకి మూలవిరాట్టు రెన్ అండ్ మార్టిన్ పుస్తకం. రెన్ దొరగారు ఇక్కడ విద్యాశాఖలో పనిచేసిన ఉద్యోగి. 1924లో 'బో జెస్ట్' అనే సాహస నవల రాసి పేరు తెచ్చుకున్న రచయిత కూడా. ఇండియాలో కాపురమున్న తెల్ల అధికారుల పిల్లల కోసం ఆ వ్యాకరణం రాశారని చెబుతారు. అంటే అమ్మతో పేచీ పెట్టడం, ఆయాని తిట్టడం, అన్నం వద్దనడం అన్నీ ఇంగ్లీషులోనే చేసే పిల్లలు. వాళ్ళకి భాష వచ్చు, దానికి దువ్వెన కావాలి. ఆ దువ్వెననే మనం ఇంకా జుట్టు మొలవని తలల మీద తరాల తరబడి దువ్వుతున్నాం. నెత్తురొచ్చినప్పుడల్లా తలదే తప్పంటున్నాం.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన జబ్బనుకోకండి. గురజాడ 1909 నాటి 'కన్యాశుల్కం'లో దీని కేసు షీటు రాసేశారు. ఇంట్లోవాళ్ళ ముందు గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో 'మాట్లాడుకునే' ఘట్టం గుర్తుందా? ఒకరు చుక్కల పద్యం ఎత్తుకుంటే ఒకరు రేఖాగణితం వల్లిస్తారు, నడుమ నామవాచకాల బహువచన సూత్రం ఒకటి అప్పజెబుతారు. ఇంట్లోవాళ్ళకి అది సంభాషణే. మనకు నవ్వొస్తుంది. నవ్వి, టికెట్టు చింపేసి, ఇంటికొచ్చి పిల్లాణ్ణి పిలిచి 'మీ సార్ నేర్పిన టెన్సులు అంకుల్‌కి చెప్పు నాన్నా' అంటాం. వాడు చేతులు కట్టుకుని 'గో వెంట్ గాన్, కమ్ కేమ్ కమ్' అంటాడు. అంకుల్ తల ఊపుతారు. గిరీశాన్ని ఎన్నయినా అనండి గానీ, ఆయన శిష్యుడితో రోజంతా కబుర్లు చెప్పేవాడు. ఆ మాత్రం భాగ్యం నేటి స్పోకెన్ ఇంగ్లీషు విద్యార్థికి లేదు. డెబ్బైమంది కూర్చున్న హాల్లో మైకు ఒక్కటే, అది మాస్టారి దగ్గర ఉంటుంది. అక్కడ స్పోకెన్ అంతా ఒకరిదే.

మొదటి రోజునే నేర్పేది ఒకటుంది: 'హి గోస్, షి గోస్'. ఆ ఒక్క 'ఎస్' మర్చిపోయినందుకు వాచిన అరచేతులు ఎన్నో. రోజర్ బ్రౌన్ అనే మనస్తత్వవేత్త ముగ్గురు అమెరికన్ పిల్లల మాటలు ఏళ్ళ తరబడి రాసుకుని 1973లో పుస్తకం వేశారు. ఇంగ్లీషు ఇంట్లోనే పుట్టిన ఆ పిల్లలకి కూడా '-ఇంగ్' ముందుగా వచ్చింది, ఈ 'ఎస్' బాగా ఆలస్యంగా వచ్చింది. రెండో భాషగా నేర్చుకునే పిల్లల మీద ఆ దశాబ్దంలోనే జరిగిన అధ్యయనాల్లోనూ అంతే: 'ఎస్' వెనక బెంచీలోనే కూర్చుంది. అంటే బడి మొదటి రోజు చెప్పేది, బుర్ర చివరికి పట్టించుకునేది. ఇంకో చిత్రం వినండి. ఇంగ్లండులోనే నార్విచ్ నగరంలో పీటర్ ట్రడ్‌గిల్ సర్వే చేస్తే అక్కడి శ్రామికులు తరతరాలుగా 'హి గో' అనే అంటున్నారని తేలింది. ఆ ఊరివాడంటే మాండలికం. మన నారాయణపేట పిల్లవాడంటే మొద్దబ్బాయి.

అలాగని పట్టిక ఎవరికీ ఉపయోగపడలేదనను. డల్లాస్‌లో దిగిన మన ఎమ్మెస్ విద్యార్థిని చూడండి. 'జస్ట్, ఆల్రెడీ, యెట్ కనబడితే ప్రెజెంట్ పర్‌ఫెక్టే' అన్న సూత్రం అతని రక్తంలో ఉంది. రూమ్మేటు అమెరికన్ కుర్రాడు 'డిడ్ యు ఈట్ యెట్?' అని అడుగుతాడు. అమెరికాలో అది మామూలు ప్రశ్న. మనవాడికి మాత్రం లోపల గంట మోగుతుంది: తప్పు, 'హావ్ యు ఈటెన్' అనాలి! ఆ ప్రశ్నలో దోషమేమిటో నిలువునా అడ్డంగా చెప్పగలడు. తిన్నానో లేదో చెప్పడానికి మాత్రం నోరు పెగలదు. ఆకలితోనే పడుకుంటాడు.

దీనికి మందు లేదా? ఉంది, పెరట్లోనే. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన బెంగళూరు, మద్రాసు చుట్టుపక్కల మామూలు బడుల్లో ఒక ప్రయోగం చేశారు. వ్యాకరణం పాఠంగా చెప్పలేదు. పిల్లల చేతికి రైళ్ళ టైంటేబులూ ఊరి పటమూ ఇచ్చి, ఏ బండి ఎక్కితే ఎప్పటికి చేరతామో, ఏ వీధి మీదుగా వెళ్ళాలో తేల్చమన్నారు. బుర్ర లెక్క మీద ఉంటే భాష వెనకాలే వస్తుందని ఆయన నమ్మకం. 1987లో ఆయన రాసిన పుస్తకం చదివి ప్రపంచమంతటా ఇంగ్లీషు మాస్టార్లు 'టాస్క్' పద్ధతి అంటూ పాఠాలు మార్చుకున్నారు. లోపాలు లేవని కాదు; ఫలితాల మీద పండితులు ఇంకా కీచులాడుకుంటున్నారు. కానీ దక్షిణాది బడుల్లో పుట్టిన ఆలోచన మన బడులకే చేరలేదు. అంతెందుకు, ఇంగ్లీషు ఎలా నేర్పాలో దేశానికి చెప్పడానికని 1958లో పెట్టిన సంస్థ హైదరాబాదులో, తార్నాక పక్కనే ఉంది. ఇప్పుడది విశ్వవిద్యాలయం. తార్నాక నుంచి అమీర్‌పేటకి మెట్రోలో ఒకే నీలం లైను, బండి మారక్కర్లేదు. ఆరు దశాబ్దాలు దాటినా ఆలోచన మాత్రం ఇంకా ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఉంది.

ఎందుకంటారా? నా అనుమానం చెబుతాను, కోపగించుకోకండి. ఇంగ్లీషు మొత్తంలో ఇంగ్లీషు రానివాళ్ళు కూడా చెప్పగలిగే భాగం ఈ పట్టిక ఒక్కటే. క్లాసు మొత్తం తెలుగులో నడపొచ్చు. 'వి3 ముందు హావ్ పెట్టు, హి అయితే హాజ్ పెట్టు, అంతే!' సందేహాలు రావు, ఎందుకంటే అడగడానికి అందులో ఏమీ ఉండదు. ప్రశ్నపత్రం పది నిమిషాల్లో తయారు, దిద్దడం ఐదు నిమిషాల్లో పూర్తి. పిల్లలతో మాట్లాడించాలంటే మాస్టారు కూడా మాట్లాడాలి, తడబడాలి, పిల్లల ముందు తప్పు పోవాలి. పట్టిక అలాంటి అవమానాలు జరగనివ్వదు. ఎనభైమంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడు, నెత్తిన సిలబసు ఉన్న ప్రభుత్వ టీచరు దాన్ని పట్టుకు వేలాడితే తిట్టబుద్ధి కాదు. హామీ పత్రం ముద్రించి అమ్మేవాళ్ళని మాత్రం వదలబుద్ధి కాదు.

వ్యాకరణం దండగని నేను వాదించడం లేదు. పది పేజీలు చదివి, పది మాటలు తప్పుగా మాట్లాడినవాడికి 'ఇదిగో, ఇక్కడ హాడ్ పెడితే నువ్వనుకున్నది తేలుతుంది' అని చూపిస్తే అంతకన్నా గొప్ప ఉపకారం లేదు. ఐఈఎల్‌టీఎస్ వాళ్ళు కూడా మాట్లాడే పరీక్షలో వ్యాకరణానికి నాలుగో వంతు విలువ ఇస్తారు. ఇచ్చి, 11 నుంచి 14 నిమిషాల పాటు ఎదురుగా కూర్చుని మాట్లాడిస్తారు. మీ ఊరి గురించి చెప్పండి అంటారు. ఆ ఊరి పిల్లకి ఇంగ్లీషులో ఎదురుగా కూర్చుని ఊరి గురించి అడిగిన మొదటి మనిషి ఆ పరీక్షకుడే. అందుకోసం వేల రూపాయలు కట్టి మరీ ఆ గదిలోకి వెళ్ళాల్సి వచ్చింది.

అమ్మకందారుల్ని అన్నాక కొనేవాళ్ళనీ అనాలి కదా. పట్టిక లేకుండా పాఠం మొదలుపెట్టే మాస్టార్లు లేకపోలేదు. ఊహించుకోండి: వారం రోజులు పిల్లల చేత సినిమా కథలు చెప్పిస్తారు, ఫోన్లో గ్యాస్ బుక్ చేయిస్తారు, తగువులు పెట్టి తీర్పులు చెప్పిస్తారు. గది సంతలా ఉంటుంది, పిల్లలు తప్పులతడకగా, ధారాళంగా వాగుతుంటారు. ఎనిమిదో రోజు ఒక తండ్రి వస్తారు. 'మాస్టారూ, ఏమీ అనుకోకండి. వారమైంది, మావాడి నోట్సు తెల్లగా ఉంది. ఎదురింటి అబ్బాయికి పక్క ఇన్‌స్టిట్యూట్‌లో అప్పుడే ఆరు టెన్సులు అయిపోయాయట.' మర్నాడు ఇంకో ఇద్దరు. ఆ మర్నాడు ఫీజు వాపసు మాట. మాస్టారికీ ఇల్లుంది, ఇంటికి అద్దె ఉంది. అప్పట్నుంచి గంట క్లాసులో ముప్పావు గంట తలుపులు మూసి మాట్లాడిస్తారు. చివరి పావుగంట తలుపులు తెరిచి, బయట ఎదురుచూస్తున్న తల్లిదండ్రులకి స్పష్టంగా కనబడేలా బోర్డు మీద పన్నెండు గళ్ళు గీస్తారు. పిల్లలు రంగు పెన్నులతో ఎక్కించుకుంటారు. ఈ ఏడు ఆయనకి మూడో బ్యాచి కూడా పడింది.